లిండీ హాప్‌కి ఫ్రెంచ్ పాటలా? ముందు తకిట ఏదో తకధిమి ఏదో తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ కదా: బెంగళూరులో నలుగురైదుగురు కలిసి లిండీ హాప్ (స్వింగ్ జాజ్ పాటలకి జంటగా ఆడే అమెరికన్ డాన్స్) నేర్చుకుంటున్నారు, ఇంగ్లీష్ పాటలు విని విని మొహం మొత్తింది, ఫ్రెంచ్‌లో పాడిన స్వింగ్ కావాలి, కానీ యూట్యూబ్‌లో ఫ్రెంచ్ జాజ్ అని కొడితే కాఫీ షాపు మ్యూజిక్కూ పాతకాలం గాయని ఎడిత్ పియాఫూ తప్ప ఏమీ రావట్లేదు అని. నేను ఐదేళ్ళుగా తూలూజ్‌లో ఉంటున్నా, ఉద్యోగం విమానాల వైపు, డాన్స్ మాత్రం వారానికి రెండు సాయంత్రాలు. మీ ప్రాబ్లమ్ నాకూ వచ్చింది, నాకైతే అందరి ముందూ వచ్చింది.

వచ్చిన కొత్తలో మా ప్రాక్టీస్ గ్రూపులో వారానికొకరు పాటలు పెట్టేవాళ్ళు. నా వంతు వచ్చేసరికి, ఫ్రాన్స్‌లో ఉన్నాం కదా ఫ్రెంచ్ పాటలే పెడదాం అని ఉత్సాహంగా పియాఫ్ 'లా ఫూల్' పెట్టా. ఇరవై మంది దాకా ఉన్నారు, రెండు జంటలు మొదలెట్టి నాలుగు అడుగులు వేసి కాళ్ళకి కాళ్ళు తగులుకుని నవ్వుకుంటూ ఆగిపోయారు, మిగతావాళ్ళు నీళ్ళ సీసాల వైపు వెళ్ళిపోయారు. అరవై దాటిన ఒకావిడ నా ల్యాప్‌టాప్ దగ్గరికొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా టేబుల్ మీద వేళ్ళతో టక్ టక్ టక్, మళ్ళీ టక్ టక్ టక్ అని మూడు మూడు దెబ్బలు కొట్టి నా మొహం వంక చూసింది. అప్పటికి నాకు వెలగలేదు, ఇంటికొచ్చి మళ్ళీ విన్నాక అర్థమైంది, అది అసలు అర్జెంటీనా ఆయన కట్టిన వాల్ట్జ్ ట్యూన్, 1957లో పియాఫ్ ఫ్రెంచ్‌లో పాడింది.

మన భాషలో చెప్పాలంటే అది తకిట, మూడు దెబ్బల లెక్క. లిండీకి కావాల్సింది తకధిమి, నాలుగు దెబ్బలది. పాట పెట్టగానే తొడ మీద తాళం వేసి చూడండి, మూడుకి తిరిగొస్తే పక్కన పెట్టేయండి ఎంత బాగున్నా సరే. పాత ప్యారిస్ పాటలు అనగానే మనకి దొరికేవాటిలో చాలావరకు అకార్డియన్‌తో ఉండే మ్యూజెట్ వాల్ట్జులు, జావాలు అనే పాత ప్యారిస్ డాన్సు పాటలు, అన్నీ మూడు లెక్కే, ఫ్రెంచ్ పాటలు స్వింగ్‌కి పనికిరావు అని కొందరు తేల్చేసేది వీటిని చూసే. ఇక్కడో తమాషా కూడా ఉంది, స్వింగ్‌లో బయటికి తకధిమి అయినా ఒక్కో దెబ్బ లోపల తకిట దాక్కుని ఉంటుంది, మధ్య అక్షరం మింగేసి తా...ట, తా...ట అన్నట్టు మొదటిది సాగి రెండోది పొట్టిగా పడుతుంది. మా చెల్లెలు చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకునేది, ఫోన్‌లో ఒక పాట వినిపిస్తే నాకంటే ముందు అదే పట్టేసింది ఈ సంగతి.

సరే పేర్లకొద్దాం. మొదట వెతకాల్సింది షార్ల్ త్రెనే అనే పాతకాలం ఫ్రెంచ్ గాయకుణ్ణి. 1938లో వచ్చిన 'బూమ్' తో మొదలెట్టండి, 'జె షాంత్', 'మెనిల్‌మోంతాన్' కూడా. ఆయన మాటల్ని విరిచే పద్ధతి చూడండి, ఫ్రెంచ్‌లో మామూలుగా మాట్లాడేటప్పుడు పదం చివరి 'ఎ' చాలాసార్లు నోట్లోనే కలిసిపోతుంది, పాటలో మాత్రం దాన్ని విడిగా పలుకుతారు, మామూలుగా దూస్ ఫ్రాన్స్ అనేది పాటలో దూ-సె ఫ్రాన్-సె అవుతుంది, ఆ అదనపు అక్షరాల్ని ఆయన దెబ్బల మధ్య ఎక్కడ పడేస్తాడో అక్కడే మీ కాలు కదులుతుంది, అర్థం తెలియక్కర్లేదు. కానీ త్రెనే పేరు చూసి 'లా మెర్' పెట్టకండి, అది నిదానంగా ఆర్కెస్ట్రాతో సాగే పాట, మీ క్లాసులో విన్న హుషారైన 'బియాండ్ ద సీ' దాని ఇంగ్లీష్ రూపమే గానీ రెండిటికీ నడకలో పోలిక లేదు.

జానీ హెస్ అని ఇంకో ఆయన, త్రెనేతో జంటగా పాడిన స్విట్జర్లాండ్ మనిషి. యుద్ధానికి కాస్త ముందు 'జె స్వీ స్వింగ్' అని పాడాడు, తర్వాత జర్మన్ల ఆక్రమణలో ఉండగా 1942లో 'ఇల్ సోన్ జాజూ'. జాజూలంటే ఆ రోజుల్లో ప్యారిస్‌లో మోకాళ్ళ దాకా కోట్లేసుకుని, జుట్టు పెంచుకుని, వాన లేకపోయినా గొడుగు పట్టుకు తిరిగిన కుర్రాళ్ళు, అప్పుడు బహిరంగంగా డాన్సు నిషేధం, వీళ్ళు దొంగచాటుగా ఆడేవాళ్ళు. జాజూ అనే ఆ మాట కూడా అమెరికన్ గాయకుడు క్యాబ్ క్యాలోవే పాటలోని కూతల్లోంచి వచ్చిందంటారు. ఈ సంగతి తెలిశాక ఆ పాట వింటే కాళ్ళకి ఇంకాస్త పొగరొస్తుంది, నాకైతే వచ్చింది.

రే వెంతురా బ్యాండు కూడా వినండి. 'కెస్‌కోన్ అతాన్ పుర్ ఎత్ర్ ఎరూ' మీ కొత్తవాళ్ళకి హాయిగా సరిపోతుంది. 1935 నాటి 'తు వా త్రే బియాన్' మాత్రం ఆడటానికి కంటే నవ్వుకోడానికి, ఫోన్లో నౌకర్లు అంతా బాగానే ఉందండి అమ్మగారూ అంటూనే గుర్రం చచ్చిందనీ, కొట్టం కాలిందనీ, కోట కాలిందనీ, అయ్యగారు ఆత్మహత్య చేసుకున్నారనీ ఒక్కొక్కటే చెప్తారు, మన బుర్రకథలో వంతపాటగాళ్ళలా. నేను రాత్రి చివర్లో పెడతా దాన్ని. ఝాన్ సబ్లోన్ మెత్తటి గొంతు, మైక్ దగ్గర పెట్టుకుని గుసగుసగా పాడటం ఫ్రాన్స్‌లో మొదలెట్టినవాళ్ళలో ఒకడు, నెమ్మది పాటలకి బాగుంటాడు.

గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ పేరు ఎవరైనా చెప్తారు. 1934లో మొదలైన ఆయన క్వింటెట్‌లో, అంటే ఐదుగురి బృందంలో, మూడు గిటార్లు, ఒక వయొలిన్, ఒక బేస్, అంతే, డ్రమ్స్ లేవు, డ్రమ్స్ పని రిథమ్ గిటార్లే చేస్తాయి, ఆ చక్ చక్ దెబ్బని ఇక్కడ లా పోంప్ అంటారు, అంటే పంపు. డాన్సర్‌కి ఇంతకంటే స్పష్టమైన దెబ్బ ఎక్కడా దొరకదు. కానీ మీరు అడిగింది ఫ్రెంచ్ మాటలు, వీటిలో ఎక్కువభాగం మాటల్లేని వాయిద్యమే, పైగా వేగం, మీ మొదటి నెలల్లో కొత్తవాళ్ళని పరిగెత్తించి చంపుతుంది. నిమిషానికి 120 నుంచి 160 దెబ్బల మధ్య ఉన్నవి ఏరుకోండి, దెబ్బ కొట్టి లెక్కపెట్టే యాప్‌లు ఫోన్లో ఉచితంగా దొరుకుతాయి. 200 దాటినవి బాల్బోవా (వేగమైన పాటలకి ఆడే ఇంకో స్వింగ్ డాన్స్) నేర్చుకున్నాక చూద్దురుగాని.

ఇప్పటివాళ్ళలో నాకు బాగా పనికొచ్చింది అవలోన్ జాజ్ బ్యాండ్, న్యూయార్క్ వాళ్ళు, తతియానా ఎవా-మరీ పాడుతుంది, పైన చెప్పిన పాత పాటలే శుభ్రమైన రికార్డింగుతో దొరుకుతాయి, చిన్న స్పీకర్‌లో కూడా బేస్ వినపడుతుంది. తోమా ద్యుత్రోన్ 2007 ఆల్బమ్, సాన్‌సెవెరినో మొదటి ఆల్బమ్, జాజ్ (Zaz) అనే గాయని 2014 'పరీ' ఆల్బమ్ వినండి, మొత్తం కాదు ఏరుకుని. ప్యారిస్ కోంబో అనే బ్యాండు నాకిష్టం గానీ సగం పాటలు వినడానికే. క్యారవాన్ ప్యాలెస్ ఫ్రెంచ్ బ్యాండే అయినా పాడేది ఎక్కువగా ఇంగ్లీషులో, అది ఎలక్ట్రో స్వింగ్, అంటే స్వింగ్‌కి ఎలక్ట్రానిక్ బీట్లు కలిపింది, మీ టీచర్ మొహం ఎలా పెడతారో నాకు తెలుసు. మా ఊరి గాయకుడు క్లోద్ నుగారో గురించి ఇక్కడ ఏమీ చెప్పకపోతే నన్ను ఊళ్ళోంచి వెళ్ళగొడతారు, 'లె జాజ్ ఎ లా జావా' వినండి, అందులో జాజ్, జావా పక్కపక్కనే వస్తాయి, అంటే తకధిమీ తకిటా ఒకే పాటలో, ఆడలేరు, తాళం వేసి నేర్చుకోడానికి మాత్రం భలే ఉంటుంది.

వెతికేటప్పుడు ఫ్రెంచ్ జాజ్ అని కొట్టడం ఆపేసి జాజ్ మనూష్ (jazz manouche, జాంగో తరహా గిటార్ జాజ్) అనో, షాన్సోన్ స్వింగ్ (chanson swing, స్వింగ్ పాటలు) అనో రోమన్ అక్షరాల్లో కొట్టండి, పక్కన పైన చెప్పినవాళ్ళ పేరొకటి తగిలించండి. పాత 78 స్పీడు రికార్డులు ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వాళ్ళ గాలికా సైట్‌లో బోలెడు ఉన్నాయి, ఉచితంగా వినొచ్చు, ఆ రికార్డుల్లో ఒక పక్కకి మూడు నిమిషాలే పట్టేది కాబట్టి పాటలన్నీ డాన్సుకి సరిగ్గా సరిపోయే పొడుగు. ఒక్కటే ఇబ్బంది, పాత రికార్డింగులు సన్నగా, గరగరమంటూ ఉంటాయి, కొత్త పాట పక్కనే పెడితే సౌండ్ ఒక్కసారి పడిపోయి అందరూ మీ వైపు తిరిగి చూస్తారు. అందుకే ముందురోజే అన్నీ ఒకసారి ఆడించి ఏ పాటకి వాల్యూమ్ ఎంత పెంచాలో చీటీ మీద రాసుకోండి. నా చీటీ ఇప్పటికీ ల్యాప్‌టాప్ మూత లోపల అంటించి ఉంది, మొదటి లైను 'పియాఫ్ వద్దు' అని.