చిన్న మెదడు అంటే తప్పా?

సందేహం: దేవరకొండ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. శరీరం తూలిపోకుండా నిలిపే మెదడు భాగం ఏదన్న ప్రశ్నకు ఒక అమ్మాయి ‘చిన్న మెదడు’ అని రాసింది. అది వాడుక మాట అని, ‘అనుమస్తిష్కం’ అనే రాయాలని, దిద్దినవారు మార్కు తీసేశారు. ‘అణుమస్తిష్కం’ అని రాసిన పిల్లవాడికి మాత్రం మార్కు వచ్చింది. చిన్న మెదడు అనడం తప్పా? నిఘంటువులో మస్తిష్కం అంటే మెదడు అనే ఉంది. పాఠంలో అది మెదడులో ఒక భాగం మాత్రమే. ఏది సరైనది? మెదడు అడుగున వెన్నుపామును కలిసే భాగానికి ‘మజ్జాముఖం’ అన్న పేరు ఎందుకు వచ్చిందని కూడా పిల్లలు అడుగుతున్నారు.
– ఒక ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా

సమాధానం: ఆ అమ్మాయి రాసింది తప్పు కాదు, ఆమెకు మార్కు రావలసిందే. వైద్యులు ప్రపంచమంతటా వాడే ‘సెరిబెల్లం’ లాటిన్ మాట. ఆ భాషలో ‘సెరిబ్రం’ అంటే మెదడు. దానికి చిన్నదనాన్ని తెలిపే ప్రత్యయం చేరి సెరిబెల్లం అయింది. అంటే ఆ శాస్త్రనామానికి అక్షరార్థమే ‘చిన్న మెదడు’. లాటిన్‌లో ఉన్నంతసేపు శాస్త్రీయమైన మాట తెలుగులోకి రాగానే వాడుక మాటగా దిగిపోవడానికి కారణమేమీ కనిపించదు. ‘అనుమస్తిష్కం’ కూడా మంచి పదమే, పాఠ్యపుస్తకంలో ఉన్నది కనుక పిల్లలకు తెలిసి ఉండాలి. అయితే రెండింటిలో మూలానికి దగ్గరగా ఉన్నది చిన్న మెదడే.

తప్పు పట్టవలసింది ‘అణుమస్తిష్కం’ అన్న రూపాన్ని. అణువు అంటే మిక్కిలి చిన్నది కాబట్టి, చిన్న మెదడుకు ఆ పేరు తగినదేనని పిల్లవాడు అనుకొని ఉంటాడు. అతని ఊహలో తర్కం ఉంది. కాని ఇక్కడ ఉన్నది ‘అను’ అనే ఉపసర్గ. అనుచరుడు, అనుజుడు, అనుబంధం అన్న మాటల్లో ఉన్నట్టే దానికి ‘వెంట, వెనుక, తరువాత’ అని అర్థం. ఆ భాగం మస్తిష్కానికి వెనుకవైపు, కిందుగా ఉంటుంది కనుక అనుమస్తిష్కం అయింది. లాటిన్ పేరు పరిమాణాన్ని చెబితే, మన పేరు ఉన్న చోటును చెబుతున్నది. నకారానికి, ణకారానికి ఉన్న తేడా పలుకుబడిలో పిల్లల చెవికి అందదు. అందుకే ఈ మాటను నల్లబల్ల మీద రాసి, అనుచరుడి పక్కన పెట్టి చూపించడం మంచిది.

‘చిన్న’ అన్న విశేషణం పరిమాణానికే గాని పనికి కాదని కూడా పిల్లలకు చెప్పండి. పెద్దవారి మెదడు సుమారు 1,400 గ్రాముల బరువుంటే, అందులో చిన్న మెదడు పదో వంతు మాత్రమే. అయినా మెదడులో ఉన్నాయని లెక్కగట్టిన సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో సగానికి మించి ఈ పదో వంతులోనే ఉన్నాయి. గద్వాలలోనో పోచంపల్లిలోనో గుంటమగ్గం మీద కూర్చున్న నేతగాడు కాలితో తొక్కుతూ, అదే లయలో చేతితో నాడె విసురుతాడు. కాలూ చెయ్యీ ఒకదానికొకటి అందేలా కండరాల కదలికలను సరిదిద్దేది చిన్న మెదడు. కల్లు ఎక్కువ తాగినవాడు తూలుతూ నడవడానికి ముఖ్యకారణం కూడా ఈ భాగం మీద మత్తు పనిచేయడమే.

ఇక మస్తిష్కం మాట. సంస్కృతంలో దానికి మొత్తం మెదడు అనే అర్థం, నిఘంటువు చెప్పింది నిజమే. హిందీలో ఇప్పటికీ మెదడు మొత్తం మస్తిష్కమే. అందువల్ల వారు పైనున్న పెద్ద భాగానికి ‘ప్రమస్తిష్కం’ అని మరో పేరు పెట్టుకోవలసి వచ్చింది. మనకు ఆ ఇబ్బంది లేదు. మొత్తానికి మెదడు అనే సొంత మాట ఉన్నందువల్ల, సంస్కృత పదం తీరికగా దొరికి, ఒక భాగానికి పరిమితమయింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి వంటి సంస్థల పుస్తకాల్లోనూ, బడి పుస్తకాల్లోనూ మస్తిష్కం అంటే రెండు అర్ధగోళాలుగా ఉండి, ఆలోచన, జ్ఞాపకం, చూపు, వినికిడి, మాట వంటి వాటికి ఆధారమైన పెద్ద భాగమని అర్థం. కాబట్టి కవిత్వంలో మస్తిష్కం మెదడుకు పర్యాయపదం కావచ్చు గాని, జీవశాస్త్రం జవాబులో కాకూడదు. ఒక్క చోట మాత్రం పాత విస్తృతార్థం మిగిలింది: ‘మస్తిష్క మేరుద్రవం’ మెదడు మొత్తం చుట్టూ, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం, ఒక్క మస్తిష్కానిదే కాదు. పిల్లలు ఇక్కడ తికమకపడితే అది వారి తప్పు కాదు, పరిభాషలో ఉన్న లోపం.

మెదడు అన్నది ‘మేధ’ నుంచి వచ్చిందని కొందరు చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది గాని, నేను ఒప్పుకోలేను. కన్నడంలో మెదడును ‘మెదుళు’ అంటారు. ఈ రెండూ తోబుట్టువులైన ద్రావిడ పదాలు. మేధ తెలివిని చెప్పే సంస్కృత పదం, మెదడు అవయవాన్ని చెప్పే మన పదం. ఈ తేడాను పాలమూరు, నల్లగొండ వాడుక ఎంత జాగ్రత్తగా పాటించిందో చూడండి. ‘ఆ ముచ్చట దిమాక్ల పెట్టుకో’ అన్నప్పుడు దిమాక్ అంటే బుద్ధి. మటన్ కొట్టుకు పోయి దిమాక్ ఇమ్మని ఎవరూ అడగరు, భేజా అని అడుగుతారు. జబ్బు దగ్గరికి వచ్చేసరికి రెండూ పక్కకు పోయి ‘మెదడువాపు’ వస్తుంది. ఉర్దూలో దిమాగ్ అంటే అవయవమూ, బుద్ధీ రెండూ. నిజాం పాలనలో కచేరీల్లో, బడుల్లో, 1918 నుంచి ఉర్దూ మాధ్యమంగా నడిచిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వినిపించిన ఆ మాటను మన పల్లెలు తీసుకున్నాయి గాని, సగం అర్థంతోనే తీసుకున్నాయి. మిగతా సగానికి మెదడు ముందే ఉంది.

పనిలో పనిగా ఇంకొక మాట. పక్షవాతం వచ్చినవారి గురించి ‘మాట పడిపోయింది’ అంటారు, జలుబు చేస్తే ‘గొంతు పోయింది’ అంటారు. ఈ రెంటినీ మనవాళ్ళు ఎన్నడూ కలపలేదు. 1861లో పాల్ బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు, ‘టాన్’ అన్న ఒక్క పలుకు తప్ప మరేమీ పలకలేని రోగి చనిపోయాక అతని మెదడును పరీక్షించి, మస్తిష్కం ఎడమ అర్ధగోళంలో ముందుభాగం దెబ్బతిన్నదని చూపాడు. ఆ రోగికి గొంతు ఉంది, మాట లేదు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినవారికే ఎక్కువగా మాట కూడా పడిపోవడానికి కారణం అదే: శరీరం కుడివైపును నడిపేది ఎడమ అర్ధగోళం, ఎక్కువమందిలో భాషకు ఆధారమూ అదే.

చివరిది మజ్జాముఖం. మజ్జ అంటే ఎముకలోని మూలుగ. మన దగ్గర మూలుగ బొక్క అంటే తెలియని పిల్లవాడు ఉండడు. మజ్జాముఖంలో మూలుగ ఉంటుందా అన్నదే వారి అసలు అనుమానం అయి ఉంటుంది. ఉండదు. వెన్నెముక లోపల మెత్తగా ఉన్న పదార్థాన్ని చూసి పూర్వపు శరీరశాస్త్రజ్ఞులు దానిని ఎముకలోని మూలుగతో పోల్చి, లాటిన్‌లో మూలుగకు ఉన్న ‘మెడుల్లా’ అన్న పేరే పెట్టారు. ఆ పోలికను మన అనువాదకులు మజ్జగా ఉంచారు. ఇటువంటి పోలిక మనకూ కొత్త కాదు: మన మూలుగకు బంధువైన తమిళ ‘మూళై’కి మెదడు, మూలుగ అన్న రెండర్థాలూ ఉన్నాయి. ముఖం అంటే ఇక్కడ మొగమని కాక మొదలు అని నేను అర్థం చేసుకుంటాను, వెన్నుపాము మొదలయ్యే చోటు అది. గుండె కొట్టుకోవడం, ఊపిరి, మింగడం, దగ్గు, వాంతి మన ప్రమేయం లేకుండా అక్కడినుంచి నడుస్తాయి. పరీక్షలో ఆ పేరును దీర్ఘంతో ‘మజ్జాముఖం’ అనే రాయించండి, ‘మజ్జముఖం’ అని కాదు.