గ్యారేజీ తలుపు తెరిస్తే సరిపోదు, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు నీ సంపాదనతో కారు కొన్నావని, ఈ చలికాలమంతా తెల్లవారకముందే లేచి ఆ కారులోనే పనికి వెళ్లబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మూడు చక్రాల సైకిలును వెనక్కి తొక్కుతూ మా పూలకుండీలన్నీ వరసగా పగలగొట్టిన పిల్ల ఈ పిల్లేనా అని మీ అత్తయ్య ఆశ్చర్యపోయింది. అయితే మీ అమ్మ అదే నోటితో మరో మాట కూడా చెప్పింది. ఇంటికి ఆనుకునే గ్యారేజీ ఉంది కనుక నీకు మంచు గోకే బాధ లేదట. పొద్దున్నే గ్యారేజీ తలుపు తెరిచి, అక్కడే కారు స్టార్ట్ చేసి వదిలేస్తే, నువ్వు తయారై వచ్చేసరికి లోపల వెచ్చగా ఉంటుందట. గ్యారేజీ పైగదిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నీ స్నేహితురాలు పడుకుని ఉంటుంది కనుక చప్పుడు లేకుండా వెళ్లిపోతావట. ఆ మాట విన్నప్పటి నుంచి, ఆ కారు పొగ ఇంట్లోకి వస్తుందేమోనని నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఫోనులో చెబితే మామయ్య చాదస్తమని నవ్వేసి ఊరుకుంటావని తెలుసు కనుక, రెండుసార్లు చదువుకోవడానికి వీలుగా ఉత్తరమే రాస్తున్నాను.

కారు సంగతులు ముందు త్వరగా చెప్పేస్తాను. చలికి బ్యాటరీలోని రసాయన చర్య మందగిస్తుంది, సరిగ్గా అప్పుడే ఇంజన్ ఆయిల్ చిక్కబడి ఇంజన్ తిరగడానికి మామూలు కంటే ఎక్కువ బలం కావలసి వస్తుంది. ఇచ్చేవాడి చెయ్యి ముడుచుకున్న రోజునే అడిగేవాడి ఆకలి పెరుగుతుందన్నమాట. సున్నా డిగ్రీల దగ్గరే బ్యాటరీ బలం సుమారు మూడో వంతు తగ్గుతుంది, మైనస్ 18 డిగ్రీలకు సగానికి పైగా పోతుంది. నీ కారు పాతది కనుక బ్యాటరీని ఇప్పుడే పరీక్ష చేయించు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ లోపలి ద్రవం గడ్డకట్టవచ్చు. దాని పక్కలు ఉబ్బినట్టు కనిపిస్తే మరో కారు నుంచి కేబుళ్లు కలిపి స్టార్ట్ చేయబోకు, అది పేలే ప్రమాదం ఉంది. టైర్లలో గాలి ప్రతి ఐదారు డిగ్రీల చలికి సుమారు ఒక పాయింటు చొప్పున తగ్గుతుంది కనుక, కారు నడపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకో. మామూలు టైర్ల రబ్బరు 7 డిగ్రీల కంటే చలి పెరిగితే గట్టిపడి రోడ్డును పట్టుకోదు. చలికాలపు టైర్ల పక్కన కొండ శిఖరాల బొమ్మలో మంచుపువ్వు గుర్తు ఉంటుంది, అది చూసి వేయించుకో.

ఇంజను వేడిని లాగేసే ద్రవం, అదే కూలెంటు, విషయంలో మాత్రం నీ తెలివి నిన్ను మోసం చేయవచ్చు. నీళ్లు కలపకుండా అంతా మందే పోస్తే ఇంకా బాగా పనిచేస్తుందని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ సగం ఇథిలీన్ గ్లైకాల్ అనే ఆ మందు, సగం నీళ్లు కలిపిన కూలెంటు సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. అది తియ్యగా ఉండే విషం; నేల మీద ఒలికితే పిల్లలూ పిల్లులూ రుచి చూడకముందే కడిగెయ్యి.

నీ ఆఫీసు దగ్గర కారు ఆరుబయటే ఉంటుంది కనుక అద్దం సంగతి కూడా వినాలి. మంచు పట్టిన అద్దం మీద వేడినీళ్లు పోయకు, పగులుతుంది. అద్దానికి అతుక్కున్న వైపర్లను స్విచ్చి వేసి విడిపించబోకు, మోటారు కాలిపోవచ్చు. అద్దం మీద ముందుగానే ఏదైనా కప్పి ఉంచడం మంచి పద్ధతే కానీ, నేను ఒకసారి మీ అత్తయ్య కొత్త దుప్పటిని, అదీ సరిగా ఆరనిదాన్ని కప్పాను. తెల్లారేసరికి దుప్పటి, అద్దం ఒకటైపోయాయి, దాన్ని ఊడదీసే లోపల నేనూ మీ అత్తయ్యా రెండయ్యాము. కనుక పొడిగా ఉన్న మందపాటి అట్టముక్క వాడు. లోపలి ఆవిరి పోవడానికి హీటరుతో పాటు ఏసీ కూడా వెయ్యి, అది గాలిలోని తేమను లాగేస్తుంది. బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టుకో. కారు పైకప్పు మీది మంచును పూర్తిగా తోసెయ్యి, లేకపోతే బ్రేకు వేసినప్పుడు అదంతా జారి నీ కళ్లెదుటి అద్దం మీదే పడుతుంది.

ఇక ఈ ఉత్తరం దేనికోసం మొదలుపెట్టానో ఆ విషయానికి వస్తాను.

మీ బావ అప్పటికి పది నెలల పిల్లవాడు. మేము మారిన ఇంటికి కూడా నీకున్నట్టే ఆనుకుని గ్యారేజీ ఉండేది, దాని మీది గదిలో పిల్లవాడి ఉయ్యాల ఉండేది. నేను ప్రతి ఉదయం గ్యారేజీ పెద్ద తలుపు పూర్తిగా పైకెత్తి, కారు స్టార్ట్ చేసి, లోపలికి వచ్చి గడ్డం గీసుకుని, కాఫీ తాగి, పావుగంట తర్వాత వెచ్చని కారులో దర్జాగా కూర్చుని వెళ్లేవాణ్ణి. తలుపు తెరిచే ఉంచాను కదా, పొగ బయటికే పోతుంది కదా అనుకున్నాను. గాలి ఎదురుగా వీచిన రోజున ఆ పొగ లోపలికే వస్తుందని గాని, నేను వెళుతూ వెళుతూ తలుపు దించినప్పుడు మిగిలినదంతా గ్యారేజీలో బందీ అయి వంటింటి తలుపు సందుల్లోంచి, పైకప్పు సందుల్లోంచి ఇంట్లోకి పాకుతుందని గాని నాకు తోచలేదు.

ఒక మధ్యాహ్నం ఫోను చేస్తే మీ అత్తయ్య తల పగిలిపోతోందని చెప్పింది. నా మాటలు వింటే తలనొప్పి వస్తుందని రోజూ అనే మనిషి కనుక, నేను ఇంట్లో లేనుగా, మరి ఈ తలనొప్పి ఎవరి పుణ్యమని నవ్వి ఫోను పెట్టేశాను. మర్నాడు తలనొప్పితో పాటు వికారం మొదలైంది. జలుబు జ్వరం కాబోలనుకున్నాము గాని జ్వరం లేదు. పిల్లవాడు మాత్రం అల్లరి మాని, ఏడుపు మాని, చక్కగా నిద్రపోతున్నాడు. ఎట్టకేలకు పిల్లవాడికి నిద్ర అలవాటైందని నేను ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నాను. అమ్మలూ, ఆ గొప్ప తలుచుకుంటే ఈనాటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

మూడో రోజున పక్కింటి పెద్దావిడ పలకరించడానికి వచ్చి, బయటికి వెళ్లినప్పుడు తలనొప్పి తగ్గుతోందా అని ఒకే ఒక ప్రశ్న అడిగింది. తగ్గుతోందని మీ అత్తయ్య చెప్పీ చెప్పకముందే ఆవిడ పిల్లవాణ్ణి ఎత్తుకుని, మీ అత్తయ్యను చెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కెళ్లి, అక్కడి నుంచే ఆసుపత్రికి తీసుకువెళ్లింది. ఇద్దరి రక్తంలోనూ కార్బన్ మోనాక్సైడ్ ఉన్నట్టు తేలింది. సమయానికి చూశారు కనుక ఇద్దరూ కోలుకున్నారు. నేను ఆసుపత్రికి చేరేసరికి మీ అత్తయ్య మంచం మీద లేచి కూర్చుని ఉంది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అన్నా బాగుండేది.

ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే దాన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, అందువల్ల పీల్చే గాలిలో ఆక్సిజన్ ఉన్నా శరీరానికి అందదు. పైగా చల్లబడిన ఇంజను మొదటి నిమిషాల్లోనే దాన్ని ఎక్కువగా వదులుతుంది, ఎందుకంటే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కేదాకా పని మొదలుపెట్టదు. నువ్వు కారును వెచ్చబెట్టాలనుకున్న ఆ నిమిషాలు అలాంటివే. నువ్వైతే ఆ తర్వాత వెళ్లిపోతావు. పైగదిలో పడుకున్న పిల్ల అక్కడే ఉంటుంది.

కనుక కారు స్టార్ట్ చేసిన వెంటనే బయటికి తీసి, ఇంటికి దూరంగా నిలుపు. నేటి ఇంజన్లకు నిలబెట్టి కాచే అవసరం లేదు. అర నిమిషం ఆగి నెమ్మదిగా నడిపితే నిలబెట్టినప్పటి కంటే త్వరగా వేడెక్కుతాయి. తాళం చెవి జేబులో ఉండి మీట నొక్కితే స్టార్టయ్యే కారు అయితే, ఇంజను ఆగిందో లేదో చూడకుండా దిగకు. చప్పుడు తెలియక నడుస్తున్న కారును గ్యారేజీలో వదిలి పడుకున్నవారు ఉన్నారు. దారిలో మంచులో చిక్కుకుంటే కారు విడిచి నడవకు. మొదట కారు వెనకవైపు ఉండే పొగగొట్టం చుట్టూ మంచు తవ్వు, ఆ తర్వాతే హీటరు కోసం ఇంజను వెయ్యి, అదీ గంటకు పది నిమిషాలు మాత్రమే, కిటికీ కొద్దిగా దించి. అందుకని కారులో చిన్న పార, దుప్పటి, టార్చి లైటు ఉంచు. ఇంధనం సగం ట్యాంకు కంటే తగ్గనివ్వకు.

అంతకంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కొను. పొగను పసిగట్టే అలారం ఈ పని చేయదు, ఇది వేరు. ప్రతి అంతస్తులోనూ, పడుకునే గదుల దగ్గర ఒకటి పెట్టు, పైగదికి మాత్రం మొదట పెట్టు. వాటికీ ఆయుష్షు ఉంటుంది, వెనక రాసిన గడువు తేదీ చూడు. అది కూస్తే కారణం వెతుకుతూ ఇంట్లో తిరగకుండా అందరినీ లేపి బయటికి నడిపించు.

ఆనాటి నుంచి నేను మీ అత్తయ్య తలనొప్పి మీద హాస్యమాడలేదు. ఆవిడ మాత్రం నేను ఏదైనా పాత కథ మొదలుపెట్టగానే లేచి కిటికీలు తెరుస్తుంది; ఈ ఉత్తరం రాస్తుండగా ఇప్పటికి రెండు తెరిచింది.

అలారం బిగించిన రోజున మాకు ఫోను చేసి, దాని మీద ఉండే పరీక్ష మీట నొక్కి ఆ కూత వినిపించు. మీ అత్తయ్య కూడా పక్కనే కూర్చుని వింటుంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య