చెప్పుల షోరూమ్‌లో సేల్స్ ఉద్యోగం ఎలా ఉంటుంది?

హైదరాబాద్‌లో ఈ ఉద్యోగంలో చేరేముందు జీతంతోపాటు టార్గెట్ లెక్క కూడా అడగండి. చాలాచోట్ల జత అమ్మితే చాలదు, అదే బిల్లులో సాక్సులో పాలిషో కూడా ఎక్కాలంటారు. వారం మధ్యలో జనం రాకపోయినా నెల టార్గెట్ తగ్గదు. ఇన్సెంటివ్ మనిషికా, షాపు మొత్తానికా? కస్టమర్ వెనక్కి తెచ్చిన జతను మీ లెక్కలోంచి తీసేస్తారా? ఇవి కాగితం మీద ఉండాలి.

అసలు కష్టం ఒంటిది. రోజంతా నిలబడాలి, సైజు కోసం స్టాక్‌రూమ్ మెట్లెక్కాలి, ప్రతి కస్టమర్ దగ్గరా వంగి లేవాలి. ముందు మోకాళ్లు, మడమలు పోతాయి. తెలంగాణ దుకాణాల చట్టం (1988) ప్రకారం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని. కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో చేర్చాయి. స్టూలు అడగడానికి మొహమాటపడకండి.