సైన్స్ సందేహాలు: కింద ఉన్నా సైజు పెరగని హాఫ్నియం

ప్రశ్న: ఆవర్తన పట్టికలో గ్రూపు (నిలువు వరస) వెంట కిందికి పోయేకొద్దీ పరమాణువు సైజు పెరుగుతుందని క్లాసులో చెప్పారు. టైటానియం కన్నా జిర్కోనియం పెద్దది, సరే. దాని కిందున్న హాఫ్నియం మాత్రం పెరగకపోగా కాస్త తగ్గింది. బుక్కులో ‘లాంథనైడ్ సంకోచం’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. అసలు అక్కడ ఏం జరుగుతోంది?
– ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

జవాబు: సరైన చోటే పట్టుకున్నావమ్మా. పరమాణు వ్యాసార్థం టైటానియంది 147 పికోమీటర్లు (పికోమీటరంటే మీటరులో లక్ష కోట్లవ వంతు), జిర్కోనియంది 160, హాఫ్నియంది 159. జిర్కోనియం పరమాణు సంఖ్య 40, హాఫ్నియంది 72, పైగా ఒక కర్పరం అదనం, అయినా సైజు కదల్లేదు. దీనికి కారణం పట్టిక అడుగున విడిగా అచ్చేసే వరసలో ఉంది, అదే, పరీక్షకి రాదులే అని మనం చూడకుండా వదిలేసే వరస. లాంథనం తర్వాత సీరియం నుంచి లుటీషియం దాకా 14 మూలకాలున్నాయి. ఒక్కో అడుగుకీ కేంద్రకంలో ఒక ప్రోటాన్ పెరుగుతుంది గానీ, దాంతోపాటు వచ్చే ఎలక్ట్రాన్ దాదాపు ప్రతిసారీ బయటి కర్పరంలోకి కాకుండా లోపలి 4ఎఫ్ ఉపకర్పరంలోకి పోయి కూర్చుంటుంది. బయటి ఎలక్ట్రాన్ల మీద కేంద్రకం లాగుడు పడకుండా అడ్డుకోవడంలో ఎస్, పి ఉపకర్పరాల ఎలక్ట్రాన్లు గట్టివి, డి అంతంతమాత్రం, ఎఫ్ అయితే చిల్లుల గొడుగే. దాంతో లాగుడు ఎక్కువై పరమాణువు ముడుచుకుంటూ పోతుంది. ఇదే లాంథనైడ్ సంకోచం. మూడు ధనావేశాలున్న లాంథనం అయాన్ వ్యాసార్థం 103 పికోమీటర్లయితే, లుటీషియం దగ్గరికొచ్చేసరికి 86కి పడిపోతుంది. అదనపు కర్పరం వల్ల హాఫ్నియంకి రావాల్సిన పెరుగుదలంతా ఇక్కడే హరించుకుపోయింది.

వెండి, బంగారం సంగతీ ఇంతే, రెండూ 144 పికోమీటర్లే. అందుకే అంతే చోటులో బంగారం దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది. (బంగారం విషయంలో సాపేక్షతా ప్రభావం కూడా తోడవుతుంది, అది ఇంకోసారి.)

ఇదంతా పుస్తకం గొడవే అనుకోకు. సైజూ ఆవేశమూ ఒకటే కాబట్టి జిర్కోనియం ఉన్న ప్రతి ఖనిజంలోనూ హాఫ్నియం దూరి ఉంటుంది. 1789లో క్లాప్రోత్ జిర్కోనియం జాడ కనిపెట్టాడు, దాన్లోనే దాక్కున్న హాఫ్నియం దొరకడానికి 1923 దాకా పట్టింది, అదీ కోపెన్‌హాగన్‌లో కోస్టర్, హెవెసీ ఎక్స్‌రేలతో వెతికితే. మీ పక్కనున్న భీమిలి తీరం ఇసుకలో కూడా జిర్కాన్ అనే జిర్కోనియం ఖనిజం ఉంది. అణు రియాక్టర్లలో ఇంధనాన్ని పెట్టే గొట్టాలు జిర్కోనియం మిశ్రలోహంతో చేస్తారు, ఎందుకంటే అది న్యూట్రాన్లని దాదాపు మింగదు. హాఫ్నియం దానికన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువ మింగేస్తుంది. కెమిస్ట్రీలో కవలలు, రియాక్టర్లో బద్ధ శత్రువులు! అందుకని హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఈ రెండిటినీ విడదీయడమే ఒక పెద్ద పని: నైట్రిక్ ఆమ్లంలో కరిగించి, కిరోసిన్‌లో కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌తో మళ్లీ మళ్లీ కడుగుతారు, జిర్కోనియం అందులోకి వచ్చేస్తే హాఫ్నియం ఆమ్లంలోనే మిగులుతుంది.

ప్రశ్న: పీరియడ్‌లో (అడ్డు వరసలో) కుడివైపుకి వెళ్లేకొద్దీ అయనీకరణ శక్తి (పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ని లాగేయడానికి కావాల్సిన శక్తి) పెరగాలి కదా, మరి నైట్రోజన్ కన్నా ఆక్సిజన్‌కి తక్కువేంటని మా అబ్బాయి అడిగాడు. ఉపకర్పరం సగం నిండితే స్థిరత్వం అని చెప్పాను, వాడికి నచ్చలేదు.
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: నచ్చకపోవడంలో తప్పేం లేదండీ, ఆ మాట జవాబులా వినిపిస్తుంది గానీ కారణం చెప్పదు. నైట్రోజన్‌లో మూడు 2పి ఎలక్ట్రాన్లు మూడు ఆర్బిటాళ్లలో (ఎలక్ట్రాన్లుండే గదుల్లాంటివి) విడివిడిగా ఉంటాయి. ఆక్సిజన్‌లో నాలుగోది వచ్చి ఒకదాంతో జత కట్టక తప్పదు. ఒకే ఆర్బిటాల్‌లో ఉన్న ఆ రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి ఒకదాన్ని బయటికి లాగడం తేలిక. మోల్‌కి 1402 కిలోజౌళ్లు ఉన్నది 1314కి దిగుతుంది. ఫాస్ఫరస్, సల్ఫర్ల దగ్గర ఇవే అంకెలు 1012, 1000. ఆర్బిటాళ్లు పెద్దవి కాబట్టి అక్కడ నెట్టుకోవడం తక్కువ, పల్లమూ చిన్నదే.