కాదన్నవాళ్ల పేరు వదిలేయకు, తల్లీ

తల్లీ,

ఆశీస్సులు. మామిడి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీలో నీకు ఉద్యోగం వచ్చిందనీ, బోర్డు సమావేశాల మినిట్స్, అంటే చర్చల, తీర్మానాల రికార్డు, రాసే పని నీకే అప్పగించారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. సమావేశం వీడియోలో జరుగుతుందట, దాన్ని రికార్డు చేసి ఏఐ చేత రాయిస్తావట. మన ఇంటి ఆడపిల్ల బోర్డు ముందు కూర్చుని తీర్మానాలు రాస్తుందంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఆ కారణానికి తర్వాత వస్తాను.

రికార్డు చేస్తున్నామని మొదటే అందరికీ వినబడేలా చెప్పు. ఎజెండా, డైరెక్టర్ల పేర్లు, మన ఊళ్ల పేర్లు ముందుగానే ఏఐకి రాసి ఇవ్వు. లేకపోతే గంగాధర నెల్లూరు రైతుల సంగతి నెల్లూరు రైతుల సంగతిగా మారిపోతుంది. మాట్లాడే ప్రతివారూ ముందు తమ పేరు చెప్పాలని కంపెనీల వీడియో సమావేశాల గురించి 2014లో వచ్చిన నిబంధనల్లోనే ఉంది. పెద్దవాళ్లు విసుక్కుంటారు. "నా గొంతు నీకు తెలియదా అమ్మాయ్" అంటారు. నీకు తెలుసు, యంత్రానికి తెలియదు. ఒకే ఫోను ముందు ఇద్దరు కూర్చుంటే ఇద్దరి మాటలనూ ఒకరికే అంటగట్టగలదు. అందుకని మొహమాటపడకుండా పేరు అడుగు.

అంకెల దగ్గర మాత్రం రికార్డింగు నువ్వే వినాలి. మనవాళ్లు వేగంగా మాట్లాడితే ఇరవై ఏదో, అరవై ఏదో మనకే తెలియదు. 2025 సీజనులో తోతాపురికి కిలోకు 12 రూపాయలని ప్రకటించారు కదా, అందులో గుజ్జు ఫ్యాక్టరీ ఇచ్చేది 8, ప్రభుత్వం ఇచ్చేది 4. ఆ మాట మీద అరగంట చర్చ జరిగితే ఎవరు ఎంత ఇస్తామన్నారు, ఎంత ఇచ్చారు, రైతు ఎంత అడిగాడు అన్నవన్నీ కలగలిసిపోతాయి. ఏఐ వాటిని చక్కగా వరుసలో పెట్టి చూపిస్తుంది. చూడడానికి చక్కగా ఉన్నంత మాత్రాన అవి నిజమైన అంకెలని అనుకోకు. ఎవరూ మాట్లాడని చోట, లేని వాక్యాన్ని పుట్టించి రాయడం కూడా ఈ యంత్రాలకు ఉన్న జబ్బే.

ఇక నా నిద్ర సంగతి. మీ తాతగారు, అంటే మా నాన్నగారు, చెరువు కింది తోట ఎందుకు అమ్మారో మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు. వాడికి అప్పుడు ఊహ తెలియదు. నాకు తెలుసు.

ఊరి సహకార సంఘం పాలకవర్గంలో నాన్నగారు సభ్యులు. చిత్తూరు బెల్లం మండీలో ఒక వ్యాపారికి సంఘం డబ్బు అడ్వాన్సుగా ఇవ్వాలని సమావేశంలో ప్రస్తావన వచ్చింది. జామీను లేకుండా ఇవ్వడానికి తాను ఒప్పుకోనని నాన్నగారు గట్టిగానే అన్నారు. కాసేపు వాదన జరిగింది. మిగతావాళ్లు ఇద్దామన్నారు, ఇచ్చారు. కార్యదర్శి ముత్యాల్లాంటి చేతిరాతతో పుస్తకంలో రాశాడు: "సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." దాని కింద అందరితో పాటు నాన్నగారూ సంతకం పెట్టారు. హాజరు కోసమే అనుకుని పెట్టారు.

వ్యాపారి దివాలా తీశాడు. విచారణ జరిగింది. నాన్నగారికి టిఫిను డబ్బా పట్టుకుని నేనే తోడు వెళ్లాను. "నేను వద్దన్నానండీ" అన్నారు ఆయన. అధికారి కోప్పడలేదు. పుస్తకం తిప్పి ఆయన వైపు జరిపి, ఆ 'ఏకగ్రీవంగా' అన్న మాట మీద వేలు పెట్టి, "ఎక్కడన్నారండీ?" అని అడిగాడు. నాన్నగారు కార్యదర్శి వైపు చూశారు. తనకు గుర్తు లేదన్నాడతను. నష్టంలో ఒక్కొక్కరి మీదా ఒక వాటా సర్‌ఛార్జిగా, అంటే సొంత జేబులోంచి కట్టాల్సిన సొమ్ముగా, పడింది. మన తోట అలా పోయింది. డబ్బు కంటే, తాను అననిదాన్ని తన సంతకంతో అన్నట్టు చూపారే అన్న బాధ ఆయనను చివరి దాకా వదల్లేదు. తర్వాత ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా నన్ను పిలిచి మూడుసార్లు చదివించుకునేవారు. నేను ఆఫీసులో మినిట్స్ రాసే ఉద్యోగంలో చేరిన రోజున కూడా, "కాదన్నవాడి పేరు వదిలేయకమ్మా" అన్నారే తప్ప ఇంకో మాట అనలేదు.

ఆ కార్యదర్శి చెడ్డవాడు కాదు తల్లీ. లంచం తిన్నాడని శత్రువులు కూడా అనలేదు. సభ సజావుగా సాగిందని కనిపించాలని అతని తాపత్రయం. గొడవ రాస్తే పుస్తకం బాగుండదనుకున్నాడు. నువ్వు వాడబోయే యంత్రానిదీ అదే తరహా. గంటన్నర వాదనను నాలుగు మర్యాదైన వాక్యాలకు కుదించడం దాని పని. "చర్చ అనంతరం ఆమోదించారు" అని ఇట్టే రాసేస్తుంది. "సరే, చూద్దాం లెండి" అని ఒక డైరెక్టరు ఫోను పెట్టేస్తే అది కూడా ఆమోదంలో కలిసిపోతుంది.

కాబట్టి సారాంశం రాయమని ఒక్క ముక్కలో అడగకు. ఒక్కొక్క అంశానికీ ప్రతిపాదించింది ఎవరు, బలపరిచింది ఎవరు, వద్దన్నది ఎవరు, ఏమీ చెప్పనిది ఎవరు, రికార్డింగులో ఆ మాట ఏ నిమిషంలో ఉంది అని విడివిడిగా అడుగు. నిర్ణయం కానిదాన్ని నిర్ణయమని రాయొద్దని చెప్పు. తర్వాత ఆ నిమిషాలకు వెళ్లి నీ చెవులతో విను. 2013 కంపెనీల చట్టం 118వ సెక్షన్‌లో, తీర్మానాన్ని వ్యతిరేకించిన, దానితో ఏకీభవించని డైరెక్టర్ల పేర్లు మినిట్స్‌లో ఉండాలని స్పష్టంగా ఉంది. ఎవరైనా "అదెందుకమ్మా, తీసేయ్" అంటే ఆ సెక్షన్ చూపించు. పరువుకు భంగం కలిగించేవీ, సంబంధం లేనివీ చేర్చకుండా ఉండే అధికారం అధ్యక్షుడికి ఉంది కానీ, ఒక డైరెక్టరు వద్దన్నాడన్నది ఆ కోవలోకి రాదు.

సమావేశం ముగిశాక 15 రోజుల్లోగా ముసాయిదా డైరెక్టర్లందరికీ చేరాలి. అభ్యంతరం చెప్పడానికి 7 రోజులు, పుస్తకంలోకి ఎక్కించడానికి సమావేశం ముగిశాక 30 రోజులు గడువు. ఏఐ పది నిమిషాల్లో రాసి ఇస్తుంది కాబట్టి మిగిలిన సమయమంతా సరిచూడడానికి పెట్టు. సంతకం పెట్టే పెద్దాయన కళ్లద్దాలు తెచ్చుకోలేదంటే నువ్వే చదివి వినిపించు. విసుక్కోకు.

రికార్డింగు ఏ కంపెనీ కంప్యూటర్లోకి వెళుతుందో, వాళ్లు దాన్ని ఏం చేసుకుంటారో అడగకుండా ఉచితంగా దొరికిందని ఏ యాప్‌లోనూ పెట్టకు. రైతుల అప్పులు, బ్యాంకు ఖాతాలు, ఇంటి గొడవలు అన్నీ ఆ మాటల్లో దొర్లుతాయి. మినిట్స్ తయారయ్యాక రికార్డింగు చెరిపేయాలని కూడా తొందరపడకు. అది కంపెనీ రికార్డులో భాగం, కనీసం ఆ ఏడాది ఆడిట్ ముగిసే దాకా భద్రంగా ఉంచాలి. అప్పట్లో అలాంటిది ఒకటి ఉండి ఉంటే నాన్నగారి గొంతు ఆ అధికారి కూడా వినేవాడు. అందుకే ఏఐ వాడొద్దని నేను అనను. ఆయనకు లేని ఆధారం నీ చేతిలో ఉంది.

మొదటి ముసాయిదా నాకు చూపించాలని నీకు అనిపిస్తుంది. పంపకు, అది కంపెనీ గుట్టు. సందేహం వస్తే పేర్లు చెప్పకుండా అడుగు, ఎంత రాత్రయినా ఫోను ఎత్తుతాను. సమావేశం ఉన్న రోజు వేళకు అన్నం తిని కూర్చో. మామిడి సీజను అయ్యాక ఒకసారి వచ్చి వెళ్లు, మీ నాన్ననూ తీసుకురా. తోట సంగతి వాడికి కూడా నేనే చెప్పాలి.

ఇట్లు,
మీ అత్త