హార్టికల్చర్ చదివితే బత్తాయి తోట నిలుస్తుందా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు మండలం. నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది. సగం తోట తీసేసి వరి వేద్దామని నా ఆలోచన. ఇంటర్ బైపీసీ రెండో ఏడు చదువుతున్న మా అమ్మాయి వద్దంటోంది. ఫోనుతో నీళ్లు పెట్టే పద్ధతులు వచ్చాయని, తాను హార్టికల్చర్ చదివి తోటను చూసుకుంటానని పట్టుబడుతోంది. నర్సింగో ఫార్మసీయో అయితే ఉద్యోగం దొరుకుతుంది కదా! ఈ చదువుకు భవిష్యత్తు ఉందా?

జవాబు: అయ్యా, చదివించండి. అయితే అమ్మాయికి ఇష్టం కలిగింది ఫోనుతో మోటారు నడిపే పరికరాల మీదనా, చెట్టు మీదనా అన్నది ముందు ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. అవి రెండు వేర్వేరు దారులు.

నేలలో తేమను కొలిచే సెన్సార్లు, వాల్వులను వాటంతట అవే తెరిచి మూసే కంట్రోలర్లు రూపొందించడం ఇంజినీరింగ్ పని. దానికి వ్యవసాయ ఇంజినీరింగ్ బీటెక్ ఉంది. సంగారెడ్డిలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం కళాశాలలో ఆ కోర్సు నడుస్తోంది, కానీ అది ఎంపీసీ వారికి. బైపీసీ చదివిన మీ అమ్మాయి దారి నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్. ఇది తక్కువ చదువని అనుకోకండి. నేలలో తేమ ఎంత ఉందో సెన్సారు చెబుతుంది. ఆ తేమ ఈ వారం చెట్టుకు ఉండాలా, వద్దా అన్నది మాత్రం చెట్టును చదివినవారే చెప్పాలి.

బత్తాయి సంగతి మీకు తెలియనిది కాదు. పూత రావాలంటే తోటను బెట్టకు వదలాలి. చెల్క నేలలో ఎన్ని రోజులు నీళ్లు ఆపాలో, నల్లరేగడిలో ఎన్ని రోజులో లెక్క వేరు. బెట్ట ముదిరితే ఆకు రాలి కొమ్మలు ఎండుతాయి, చాలకపోతే పూతకు బదులు చిగురు వస్తుంది. తేమ తగ్గగానే మోటారు నడిపించే పరికరాన్ని ఆ రోజుల్లో దాని పాటికి వదిలేస్తే ఆ ఏడాది పూత మీద ఆశ వదులుకోవలసిందే. ఎన్నాళ్లు ఆపాలో తెలిసిన మనిషి పక్కన ఉంటేనే ఆ యంత్రం పనికొస్తుంది.

మా ఇంట్లో అలాంటి మనిషి లేరు. మాది చండూరు వైపు. బోరు అడుగంటిన ఏడాది మా నాన్న అప్పు చేసి ట్యాంకర్లతో నీళ్లు తోలించారు. ఒక్కో చెట్టు మొదట్లో పైపు పెట్టి పాదు నిండేదాకా నిలబడేవారు. నీటిని పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా కొమ్మల చివరల కింద ఉంటాయని, మొదలు చుట్టూ నీరు నిలిస్తే బంక తెగులు వస్తుందని మాకు చెప్పినవారు లేరు. ఎండకు తట్టుకున్న చెట్లు కూడా ఆ తెగులుతో పోయాయి. అందుకే మీ ఉత్తరాన్ని నేను తేలికగా తీసుకోలేదు.

వరి గురించి ఒక్క మాట. కాలువ నీళ్లు అందిన ఊళ్లలో బత్తాయి తీసి వరి వేసినవారిని నేను తప్పు పట్టను. కానీ మీకు మిగిలింది ఒక్క బోరు. ఎకరం మడిలో ఒక్క సెంటీమీటరు నీరు నిలపాలంటే 40,000 లీటర్లు కావాలి. అదే ఎకరంలో 6 మీటర్ల ఎడంతో 110 చెట్లు ఉన్నాయనుకోండి. గంటకు 8 లీటర్లు వదిలే డ్రిప్పర్లు చెట్టుకు నాలుగేసి పెట్టి రెండు గంటలు వదిలితే మొత్తం 7,000 లీటర్ల చిల్లర. ఈ లెక్క చూశాకే గొడ్డలి పట్టాలా వద్దా అన్నది నిర్ణయించండి.

ఇక ప్రవేశం. ఈఏపీసెట్‌లో బైపీసీ విభాగం ర్యాంకు ముఖ్యం. రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంటుంది. దాని నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఈ ఏడాది నోటిఫికేషన్ తప్పక చదవండి. పట్టాదారు పాసుపుస్తకం, పల్లె బడిలో చదివినట్టు ధ్రువపత్రాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కళాశాలల్లో ఒకటి రాజేంద్రనగర్‌లో ఉంది, మరొకటి వనపర్తి జిల్లా మోజెర్లలో ఉంది. నన్నడిగితే మోజెర్లను వెనక్కి నెట్టకండి. చుట్టూ మన పాలమూరు నేలలే, కొల్లాపూర్ మామిడి తోటలు అక్కడికి దూరం కాదు.

ఉద్యోగాల విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. ప్రభుత్వ ఉద్యాన అధికారి పోస్టులకు నోటిఫికేషన్ ప్రతి ఏడాదీ రాదు. దాని ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుని చదవడం మంచిది కాదు. డ్రిప్ కంపెనీలకు తోటల్లో తిరిగి సలహా ఇచ్చే నిపుణులు కావాలి, రైతు ఉత్పత్తిదారుల సంఘాలకూ కావాలి. ఎమ్మెస్సీలో పండ్ల విభాగం తీసుకుంటే పరిశోధన, బోధన వైపు వెళ్లవచ్చు.

నాకు అన్నింటికన్నా విలువైనదిగా కనిపించేది నర్సరీ పని. రంగపూర్ నిమ్మ మీద కట్టిన సాత్‌గుడి రకం బత్తాయి అంటు మంచిదో కాదో కాపుకు వచ్చేదాకా, అంటే నాలుగైదేళ్లదాకా బయటపడదు. నమ్మకమైన, తెగులు లేని మొక్క ఇచ్చే మనిషి మన ప్రాంతానికి ఎంత అవసరమో మీకు నేను చెప్పాలా? మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరుతో దేశమంతా తెలిసిన సీతాఫలం రకం ఉంది. గుట్టల మీద, గట్ల మీద పెరిగే చెట్లలో మంచి తల్లి చెట్లను గుర్తించి, అవి కొట్టివేతకు గురికాకముందే అంట్లు కట్టి నిలబెట్టడం కూడా ఈ చదువులోని పనే.

నర్సింగ్, ఫార్మసీ మంచి చదువులే. అమ్మాయికి మనసు లేని చోటికి మాత్రం పంపకండి. ఆమె మనసు దేని మీద ఉందో తెలుసుకోవడానికి ఒక పని చెప్పండి. మీ తోటలో డ్రిప్ ఉంటే, ఒక వరుసలో మొదటి చెట్టు కింద, చివరి చెట్టు కింద లీటరు సీసాలు పెట్టమనండి. 8 లీటర్ల డ్రిప్పరయితే ఏడున్నర నిమిషాల్లో సీసా నిండాలి. చివరిది నిండటానికి పావుగంట పడితే డ్రిప్పరు ఉప్పు పట్టి పూడిందో, పైపులో ఒత్తిడి చాలడం లేదో వెతకమనండి. ఒక నెల పాటు మోటారు నడిచిన గంటలు, ఆకు రాలడం, చిగురు, పూత అన్నీ పుస్తకంలో రాయమనండి. వారం తిరగకముందే విసుగొస్తే వేరే కోర్సుల గురించి మాట్లాడుకుందాం. నెల నిండితే ఆ పుస్తకం పట్టుకుని ఇద్దరూ రండి, కౌన్సెలింగ్‌లో పెట్టవలసిన కళాశాలల వరుసను కలిసి రాద్దాం.