లాటిన్ క్విజ్‌కి విడిగా కోచింగ్ కావాలా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా పాప తొమ్మిదో తరగతి. స్కూల్లో లాటిన్ తీసుకుంది, ఇప్పుడు కెర్టామెన్ క్విజ్ టీమ్‌లో చేరతానంటోంది. చిన్నప్పుడు స్పెల్లింగ్ బీకి చేయించినట్టే రోజుకు వంద మాటలు బట్టీ పట్టిస్తున్నాను. విసుక్కుంటోంది. ప్రైవేటు కోచింగ్ పెట్టించమంటారా? కాలేజీ అడ్మిషన్‌కి ఇది పనికొస్తుందా?

జవాబు: కోచింగ్ వద్దండీ. ఆ వంద మాటల లిస్టు కూడా ఈ రోజే ఆపేయండి.

స్పెల్లింగ్ బీలో మైకు ముందు పిల్ల ఒక్కతే నిలబడుతుంది. కెర్టామెన్ నలుగురు కలిసి ఆడే ఆట. మొదటి ప్రశ్నకు బజర్ నొక్కినవాళ్లే, పక్కవాళ్లని అడక్కుండా చెప్పాలి. దానికి 10 పాయింట్లు. అది సరైతే 5 పాయింట్ల చొప్పున రెండు బోనస్ ప్రశ్నలు వస్తాయి, వాటికి నలుగురూ మాట్లాడుకోవచ్చు. వ్యాకరణం, పదాల పుట్టుక, పురాణ కథలు, రోము చరిత్ర, అప్పటి జనజీవనం అన్నీ అడుగుతారు. మీ పాపకి కథలు ఇష్టమైతే అవి తను చూసుకుంటుంది, చరిత్ర ఇంకొకరు చూసుకుంటారు.

అసలు తయారీ క్లాసులోనే జరుగుతుంది. మంచి లాటిన్ టీచర్లు పాఠాన్నే క్విజ్‌గా మారుస్తారు. ఉదాహరణకి, రోము ఏడుగురు రాజుల పాఠం అయ్యాక చివరి ఐదు నిమిషాలు పిల్లల చేతే ప్రశ్నలు రాయిస్తారు. ప్రశ్న రాయాలంటే ఆరో రాజు సర్వియస్ తుల్లియస్ అని, క్రీ.పూ. 509లో గద్దె దిగిపోయింది ఏడోవాడు టార్క్వినియస్ సూపర్బస్ అని స్పష్టంగా తెలియాలి. తెలిసీ తెలియనిదంతా అక్కడే బయటపడుతుంది. బజర్ విషయంలోనూ అంతే. ప్రశ్న సగంలోనే నొక్కేయొచ్చు కాబట్టి టెన్షన్‌లో పిల్లలు తొందరపడతారు. ఏ మాట దగ్గర జవాబు ఒక్కటే మిగులుతుందో పట్టుకోవడం వినీ వినీ రావాలి, లిస్టు చదివితే రాదు.

వ్యాకరణంలో మాత్రం మీరు ఇంట్లోనే సాయం చేయగలరు. మనం బళ్లో 'డు ము వు లు ప్రథమా విభక్తి' అని వల్లించినవాళ్లం కదా! లాటిన్‌లోనూ పని చేసేది విభక్తులే. 'పుయెల్లా రోసమ్ పోర్టాట్' అంటే 'అమ్మాయి గులాబీని పట్టుకెళ్తోంది'. మన 'ని' చేసే పనే అక్కడ చివరి 'అమ్' చేస్తోంది, క్రియ కూడా మనలాగే చివర వచ్చింది. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. పైగా సంస్కృతం, లాటిన్ ఒకే భాషా కుటుంబం కాబట్టి అగ్ని అక్కడ ఇగ్నిస్, నావ నావిస్, దంతం డెన్స్. ఇంట్లో తెలుగు మాట్లాడండి, అది వృథా పోదు.

అడ్మిషన్ గురించి ఉన్నమాట చెబుతాను. క్విజ్ గెలిచినంత మాత్రాన ఏ కాలేజీ సీటివ్వదు. నాలుగేళ్లు ఒక భాషని వదలకుండా చదివిన సంగతి అప్లికేషన్‌లో బలంగా కనిపిస్తుంది. రేపు మెడిసిన్‌కో లాకో వెళ్తే ఆ పుస్తకాల్లోని సగం కొత్త మాటలు తనకి పాత స్నేహితుల్లా అనిపిస్తాయి. కానీ ఇప్పుడే విసుగొస్తే రెండేళ్లకే లాటిన్ వదిలేస్తుంది. నా భయమంతా అదే.

లాటిన్ చదివే స్కూలు పిల్లల సంఘం, జూనియర్ క్లాసికల్ లీగ్, దాని శాఖ మీ స్కూల్లో ఉందేమో టీచర్‌ని అడగండి. పాత రౌండ్ల ప్రశ్నలు నెట్‌లో దొరుకుతాయి. రాత్రి భోజనాల దగ్గర ఓ పది మీరే చదివి వినిపించండి. జవాబులు మీకు తెలియకపోయినా పర్లేదు, పాప చెబుతుంది.